శుక్లం, గ్లాకోమా ఒకే ఆపరేషన్‌లో: ఫలితాన్ని దేనితో కొలవాలి?

ఒకే కంట్లో శుక్లమూ గ్లాకోమా రెండూ ఉన్నవాళ్లకు రెండింటికీ ఒకేసారి ఆపరేషన్ చేయడం ఇప్పుడు మామూలైపోయింది. అది సక్సెస్ అయ్యిందా లేదా అన్న ప్రశ్నకు మాత్రం అంత తేలిగ్గా జవాబు దొరకదు. శుక్లం తీశాక చూపు మెరుగైతే రోగికి వారంలోనే తెలిసిపోతుంది. గ్లాకోమా ఆపరేషన్ బాగా పనిచేస్తే రోగికి తెలిసేదేమీ ఉండదు. ఉన్న చూపు ఉన్నట్టే నిలవడమే దాని ఫలితం, అది రుజువు కావడానికి ఏళ్లు పడుతుంది. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్లే "ఆపరేషన్ చేయించుకున్నా చూపు పూర్తిగా రాలేదు" అనీ, "చూపొచ్చేసింది కదా, ఇక చుక్కలెందుకు" అనీ రెండు రకాల అపార్థాలు పుడుతున్నాయి. రెండోది ఎక్కువ ప్రమాదం.

అందుకే చూపు, కంటి ప్రెషర్ (కంటి లోపలి నీటి ఒత్తిడి, గ్లాకోమాలో నరాన్ని దెబ్బతీసేది ఇదే), వాడాల్సిన చుక్కల మందుల సంఖ్య అనే మూడు కొలతలను విడివిడిగా చూడాలి. ఈ మూడూ కలిసి నడవవు. చూపు బ్రహ్మాండంగా వచ్చి ప్రెషర్ అక్కడే ఉండిపోవచ్చు. ప్రెషర్ చక్కగా దిగి, మొదటి రెండు నెలలూ చూపు మసకగానే ఉండవచ్చు. ప్రెషర్ అంకె ఏమీ మారకపోయినా, మూడు మందులు వాడుతున్న మనిషి ఒక్కదానికి దిగితే అదీ లాభమే.

చూపులో తిరిగొచ్చే వాటా ఏది?

శుక్లం అంటే కంటి లోపలి లెన్స్ మసకబారడం. దాన్ని తీసి కొత్త లెన్స్ పెడితే ఆ మసక మొత్తం పోతుంది. గ్లాకోమాలో దెబ్బతినేది కంటి నుంచి మెదడుకు వెళ్లే నరం. చచ్చిపోయిన నరం పోగులు ఏ ఆపరేషన్‌తోనూ తిరిగిరావు. కాబట్టి ఆపరేషన్‌కు ముందే తేల్చుకోవలసింది ఈ కంట్లో పోయిన చూపులో శుక్లం వాటా ఎంత, నరం వాటా ఎంత అన్నది.

చుట్టూ ఎంత మేర, ఎంత బాగా కనిపిస్తోందో కొలిచే విజువల్ ఫీల్డ్ పరీక్షలో దీనికి ఆనవాలు దొరుకుతుంది. శుక్లం వల్ల ఫీల్డ్ అంతా సమానంగా మందగిస్తుంది. గ్లాకోమా మాత్రం విల్లు ఆకారంలోనో, ముక్కు వైపు మెట్టులాగానో ఒక చోట లోతుగా కొరికేస్తుంది. రెండు కళ్లలో వ్యాధి ఎక్కువ తక్కువలుగా ఉన్నప్పుడు, టార్చి వేసి కంటిపాప స్పందన పోల్చి చూస్తే నరం దెబ్బ బయటపడుతుంది, ఎందుకంటే ఎంత దట్టమైన శుక్లమైనా ఆ స్పందనను అంతగా చెడగొట్టదు. ఎంత మసక ఉందో, దానికి తగ్గ శుక్లం పరీక్షలో కనిపించకపోతే మిగతా లోటు నరానిదేనని అనుమానించాలి. ఈ మాట రోగికి ఆపరేషన్‌కు ముందు చెబితే వివరణ అవుతుంది. తర్వాత చెబితే సాకులా వినిపిస్తుంది.

లెన్స్ ఎంపిక కూడా ఈ లెక్క మీదే ఆధారపడుతుంది. గ్లాకోమా కళ్లకు వెలుగునీడల తేడా పట్టే శక్తి ముందే తగ్గి ఉంటుంది. దగ్గరా దూరమూ రెండూ చూపించే మల్టీఫోకల్ లెన్స్ వెలుతురును విడగొట్టి ఆ శక్తిని ఇంకాస్త తగ్గిస్తుంది. ఫీల్డ్ దెబ్బతిన్న కంటికి ఒకే దూరానికి స్పష్టంగా చూపించే ఆస్ఫెరిక్ మోనోఫోకల్ లెన్సే మేలు. దగ్గరి పనికి అద్దాలు వాడాల్సి రావడం పెద్ద నష్టం కాదు.

లెన్స్ తీసినంత మాత్రాన ప్రెషర్ తగ్గుతుందా?

తగ్గుతుంది. ఎంత తగ్గుతుందన్నది కంటి కోణం మీద ఆధారపడుతుంది. కార్నియా (కంటి ముందున్న పారదర్శక పొర), కనుపాప (ఇక్కడ ఐరిస్ అనే రంగు పొర) కలిసే మూలలో కంటి లోపలి నీరు బయటికి పోయే జల్లెడ ఉంటుంది. ఆ మూలనే కోణం అంటారు. వయసుతోపాటు లెన్స్ లావెక్కి కనుపాపను ముందుకు నెడుతుంది. చిన్న కళ్లలో ఆ నెట్టుడుకు జల్లెడ మూసుకుపోతుంది. అదే మూసుకున్న కోణపు గ్లాకోమా. అక్కడ లెన్స్ తీయడమంటే మూల కారణాన్ని తీయడమే. సుమారు 4 మిల్లీమీటర్ల మందం ఉన్న లెన్స్ పోయి, దాని చోట ఒక మిల్లీమీటరు మందమైనా లేని కృత్రిమ లెన్స్ వస్తే కనుపాప వెనక్కి జారుతుంది, కోణం తెరుచుకుంటుంది.

దీనికి గట్టి ఆధారం 2016లో వెలువడిన ఈగిల్ అధ్యయనం. అందులో 419 మంది పాల్గొన్నారు. అందరూ 50 ఏళ్లు, ఆపైన వయసువాళ్లు. శుక్లం లేకపోయినా సగం మందికి లెన్స్ తీశారు, మిగతావాళ్లకు ముందుగా లేజర్‌తో కనుపాపలో రంధ్రం చేశారు. మూడేళ్ల తర్వాత లెన్స్ తీసిన కళ్లలో సగటు ప్రెషర్ 16.6, లేజర్ చేసిన కళ్లలో 17.9. (ప్రెషర్‌ను పాదరసపు మిల్లీమీటర్లలో కొలుస్తారు. ఇకపై అంకె మాత్రమే రాస్తాను.) తేడా చిన్నదిగా కనిపిస్తుంది. కానీ రెండో గుంపులో దాదాపు 61 శాతం మందికి చుక్కలు కావలసివస్తే మొదటి గుంపులో 21 శాతం మందికే కావలసివచ్చాయి. ప్రెషర్ అంకె ఒక్కటే చూసి ఫలితాన్ని అంచనా వేయకూడదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

తెరిచిన కోణపు గ్లాకోమాలో కథ వేరు. అక్కడ జల్లెడకు దారి తెరిచే ఉంటుంది, లోపం జల్లెడలోనే ఉంది. అయినా లెన్స్ తీస్తే కొంత తగ్గుతుంది. అమెరికాలో ప్రెషర్ ఎక్కువగా ఉండి, ఇంకా నరం దెబ్బతినని వాళ్లను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనంలో, చుక్కలు వాడకుండా ఉన్న గుంపులో శుక్లం ఆపరేషన్ అయినవాళ్లకు సగటున 23.9 నుంచి 19.8కి దిగింది. మొదటి ప్రెషర్ ఎంత ఎక్కువ ఉంటే దిగడం అంత ఎక్కువ. చుక్కలతో ఇప్పటికే 15 దగ్గర ఉన్న కంటికి లెన్స్ తీస్తే ఒకటి రెండు పాయింట్లు కదిలితే గొప్ప. పైగా ఈ తగ్గుదల కొన్నేళ్లలో కొంత కరిగిపోతుంది.

మొదటి రాత్రి సంగతి వేరు. లెన్స్ తీసేటప్పుడు కార్నియా లోపలి పొరను కాపాడటానికి జిగురు లాంటి విస్కోఎలాస్టిక్ పదార్థం కంట్లో నింపుతారు. చివర్లో దాన్ని పూర్తిగా తీసేయకపోతే అది జల్లెడకు అడ్డం పడుతుంది. ఆపరేషన్ అయిన కొన్ని గంటల్లో, చాలావరకు 4 నుంచి 8 గంటల మధ్య, ప్రెషర్ ఎగబాకుతుంది. 30 దాటడం అరుదేమీ కాదు. ఆరోగ్యమైన నరం దీన్ని తట్టుకుంటుంది. నడిమధ్య చిన్న ద్వీపం లాంటి చూపు మాత్రమే మిగిలిన కంట్లో అదే పెరుగుదల ఆ మిగిలినదాన్నీ తీసుకుపోగలదు. అందువల్ల ముదిరిన గ్లాకోమాలో కొత్త లెన్స్ వెనకకు కూడా వెళ్లి జిగురును శుభ్రం చేయడం, అదే రోజు సాయంత్రం ప్రెషర్ చూడటం, మూత్రపిండాల జబ్బు, సల్ఫా ఎలర్జీ లేనివాళ్లకు ప్రెషర్ దించే ఎసిటజోలమైడ్ మాత్ర ఇవ్వడం తప్పనిసరి జాగ్రత్తలు. మర్నాడు ఉదయం చూసేసరికి ప్రెషర్ దిగిపోయి ఉంటుంది కాబట్టి, అప్పుడు మాత్రమే చూస్తే రాత్రి ఏం జరిగిందో ఎవరికీ తెలియదు.

చిన్న స్టెంట్లు: అంకెలు చదివే పద్ధతి

తెరిచిన కోణం, తొలి లేదా మధ్యస్థ దశ, ఒకటి రెండు మందులు. ఇలాంటివాళ్లకు శుక్లంతోపాటు జల్లెడ వెనకున్న ష్లెమ్ కాలువలోకి నీటి దారిని తెరిచి ఉంచే చిన్న స్టెంట్ పెట్టవచ్చు, లేదా జల్లెడను కొంతమేర కోసి తీసేయవచ్చు. శుక్లం తీసిన కోత నుంచే లోపలికి వెళ్తారు. కంటి తెల్లపొరను ముట్టుకోరు కాబట్టి రేపు పెద్ద ఆపరేషన్ కావలసివచ్చినా చోటు చెడదు. తొలి తరం ఐస్టెంట్ పొడవు 1 మిల్లీమీటరే. హైడ్రస్ 8 మిల్లీమీటర్లు, నికెల్–టైటానియం మిశ్రమంతో చేసినది, కాలువలో పావు వంతు మేర పరుచుకుంటుంది.

హైడ్రస్‌పై జరిగిన హొరైజన్ అధ్యయనంలో 556 కళ్లు ఉన్నాయి. రెండేళ్ల తర్వాత మందులన్నీ ఆపి కొలిచినప్పుడు, ప్రెషర్ కనీసం 20 శాతం తగ్గినవాళ్లు స్టెంట్ గుంపులో 77 శాతం, శుక్లం మాత్రమే తీసిన గుంపులో 58 శాతం. సగటు తగ్గుదల స్టెంట్‌తో 7.6, లేకుండా 5.3. ప్రచార పత్రాల్లో పెద్ద అక్షరాలతో కనిపించేది 77. నిజానికి స్టెంట్ అదనంగా ఇచ్చింది ఆ రెండు తగ్గుదలల మధ్య ఉన్న 2.3 మాత్రమే.

ఇక్కడే ఇంకో మెలిక ఉంది. ఇలాంటి అధ్యయనాల్లో చేర్చుకునే ముందు చుక్కలు ఆపించి, ప్రెషర్ ఒక గీత దాటినవాళ్లనే తీసుకుంటారు. ప్రెషర్ రోజురోజుకీ ఊగుతూ ఉంటుంది. ఎక్కువగా ఉన్న రోజున ఎంపికైన కన్ను తర్వాత కొలిచినప్పుడు, ఏమీ చేయకపోయినా, సగటు వైపు దిగుతుంది. శుక్లం మాత్రమే తీసిన గుంపులో కనిపించిన 5.3లో ఈ ఊగిసలాట వాటా కూడా ఉంది. కాబట్టి పోల్చుకునే గుంపు లేకుండా "మా పద్ధతిలో ఇంత తగ్గింది" అని చెప్పే ఏ అంకెనైనా సగం నమ్మకంతోనే చదవాలి.

అయిదేళ్ల ఫలితాలు ఇంకాస్త ఉపయోగకరం. చుక్కలు లేకుండా నెట్టుకొస్తున్నవాళ్లు స్టెంట్ గుంపులో 66 శాతం, రెండో గుంపులో 46 శాతం. ఏళ్ల తరబడి రోజూ చుక్కలు వేసుకుని కళ్లు మండి, ఎర్రబడి, ఆఖరికి మానేసేవాళ్లు ఎంతమందో తెలిసినవాళ్లకు ఈ తేడా విలువ అర్థమవుతుంది.

అయితే కాలువలో పెట్టే ఏ స్టెంటూ ప్రెషర్‌ను ఒక హద్దు కిందికి దించలేదు. ఆ నీరు చివరకు కలిసేది కంటి పైపొర సిరల్లో. అక్కడి ఒత్తిడే 8 నుంచి 11 వరకు ఉంటుంది. దానికి కాలువ గోడల అడ్డంకి కూడా తోడైతే ఫలితం సాధారణంగా 15 అటూ ఇటూగా ఆగిపోతుంది. నరం బాగా దెబ్బతిని 12 కంటే తక్కువ కావలసిన మనిషికి స్టెంట్ పెట్టి పంపడం చిన్న ఆపరేషన్‌తో పెద్ద అవసరాన్ని వాయిదా వేయడమే.

కొత్త పరికరాల విషయంలో సైపాస్ అనుభవం గుర్తుంచుకోవాలి. కనుగుడ్డు గోడ లోపలి పొర కిందికి నీరు మళ్లించే ఆ స్టెంట్‌కు 2016లో అమెరికాలో అనుమతి వచ్చింది. రెండేళ్ల ఫలితాలు బాగున్నాయి. అయిదేళ్ల లెక్కలు వచ్చేసరికి కార్నియా లోపలి కణాలు ఎక్కువగా తగ్గిపోతున్నాయని తేలింది, 2018 ఆగస్టులో కంపెనీయే దాన్ని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది. ఆ కణాలు పోతే మళ్లీ పుట్టవు. రెండేళ్ల ఫలితాన్ని జీవితకాలపు హామీగా చూపడం ఎందుకు తప్పో ఇది చెబుతుంది.

ఫేకో–ట్రాబెక్యులెక్టమీ: ఎక్కువ లాభం, ఎక్కువ కాపలా

ముదిరిన గ్లాకోమా, మూడు నాలుగు మందులకూ లొంగని ప్రెషర్, దానికి తోడు శుక్లం ఉంటే ఈ ఆపరేషన్ అవసరమవుతుంది. ఫేకో అంటే శుక్లం తీయడం, ట్రాబెక్యులెక్టమీ అంటే కంటి నీరు బయటికి పోవడానికి తెల్లగుడ్డులో కొత్త దారి చేయడం. తెల్లగుడ్డులో సగం మందాన, సుమారు 4 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల పొడవుతో ఒక మూత కోస్తారు. మిటమైసిన్–సి మందును మిల్లీలీటరుకు 0.2 నుంచి 0.4 మిల్లీగ్రాముల గాఢతతో స్పాంజిలో తడిపి, పైపొర కింద రెండు మూడు నిమిషాలు ఉంచి, ఆ తర్వాత ధారాళంగా కడిగేస్తారు. గాయం మచ్చకట్టి దారి మూసుకుపోకుండా ఆపేది ఈ మందే. కన్ను లోపలికి ఏ కోతా పెట్టకముందే ఈ పని ముగించాలి, ఎందుకంటే మందు చుక్క లోపలికి పోతే కార్నియా కణాలకూ నీరు ఊరే భాగానికీ విషం. అప్పుడు శుక్లం తీసి లెన్స్ పెట్టి, మూత కింద చిన్న రంధ్రం చేసి, కనుపాప వచ్చి దానికి అడ్డం పడకుండా అక్కడ ఓ ముక్క కత్తిరించి, మూతను 10–0 నైలాన్ దారంతో కుడతారు. కుట్లు ఎంత బిగించాలన్నదే అసలు పనితనం. కంట్లోకి నీరు ఎక్కించి చూస్తే మూత అంచున కొద్దికొద్దిగా ఊరాలి. ధారగా కారితే కన్ను మెత్తబడుతుంది, అసలు రాకపోతే మర్నాడు ప్రెషర్ ఎక్కుతుంది. బయటికొచ్చిన నీరు పైపొర కింద చిన్న బుడగలా నిలుస్తుంది. దాన్నే బ్లెబ్ అంటారు.

ఫలితంలో దాదాపు సగం ఆపరేషన్ థియేటర్ బయటే తేలుతుంది. మొదటి రోజు, ఆ తర్వాత వారం వారం అయిదారు వారాలు చూపించుకోవాలి. ప్రెషర్ ఎక్కుతుంటే లేజర్‌తో కుట్లను ఒక్కొక్కటిగా తెంపి ప్రవాహం పెంచుతారు. మిటమైసిన్ వాడినప్పుడు మొదటి వారంలోనే తెంపితే ఒక్కసారిగా నీరంతా పోయి కన్ను కుంగిపోవచ్చు. మరీ ఆలస్యం చేస్తే మూత చుట్టూ మచ్చకట్టి తెంపినా లాభం ఉండదు. స్టెరాయిడ్ చుక్కలు మొదట్లో రెండు గంటలకోసారి వేసి, రెండు మూడు నెలల మీద మెల్లగా తగ్గించాలి. మామూలు శుక్లం ఆపరేషన్‌కు సరిపోయే నాలుగు వారాలు ఇక్కడ చాలవు. బాగానే ఉంది కదా అని మధ్యలో మానేసినవాళ్ల బ్లెబ్‌లు ఎర్రబడి, చదునైపోతాయి. దీనికి ఎదురు సమస్యా ఉంది. గ్లాకోమా ఉన్నవాళ్లలో చాలామందికి స్టెరాయిడ్ వల్లే ప్రెషర్ పెరుగుతుంది. కాబట్టి మూడు నుంచి ఆరు వారాల మధ్య ప్రెషర్ ఎక్కితే అది మచ్చ వల్లా, మందు వల్లా అన్నది బ్లెబ్‌ను పరీక్షించాకే తేల్చాలి.

చెడిపోయే దారులు రెండు వైపులా ఉన్నాయి. నీరు మరీ ఎక్కువ పోతే ప్రెషర్ 5, అంతకంటే కిందికి దిగి రెటీనా మధ్యలో ముడతలు పడతాయి, చూపు వంకర్లు పోతుంది. చిన్న వయసువాళ్లలో, మైనస్ పవర్ ఎక్కువ ఉన్న కళ్లలో ఈ ప్రమాదం ఎక్కువ. కంటి లోపలి పొర కింద నీరు చేరి ఊడిరావడం, బ్లెబ్ నుంచి కారడం కూడా ఇందులోవే. మరీ చిన్న కళ్లలో నీరు వెనక్కి మళ్లి, ముందు గది మూసుకుపోయి, ప్రెషర్ పైకి పోయే పరిస్థితి అరుదుగా వస్తుంది. దాన్ని వెంటనే గుర్తించాలి.

ఇక విడివిడిగా చేయడమా, కలిపి చేయడమా? ట్రాబెక్యులెక్టమీ ఒక్కటే చేస్తే ప్రెషర్ కాస్త ఎక్కువ దిగుతుంది. శుక్లం తీసినప్పుడు వచ్చే వాపు బ్లెబ్ మచ్చకట్టడానికి తోడ్పడటమే కారణం. కానీ లెన్స్ మిగిలే ఉంటే శుక్లం త్వరగా ముదురుతుంది. ముదిరిన గ్లాకోమా మీద జరిగిన ఏజిస్ అధ్యయనంలో ట్రాబెక్యులెక్టమీ శుక్లం వచ్చే అవకాశాన్ని 78 శాతం పెంచిందని లెక్క తేలింది. అప్పుడు శుక్లం తీస్తే, పనిచేస్తున్న బ్లెబ్ ఆ వాపుకు మూసుకుపోవచ్చు. అందుకే ఆ రెంటి మధ్య కనీసం ఆరు నెలలు ఆగమంటారు. శుక్లం ముందుగా స్పష్టంగా ఉంటే కలిపి చేయడమే సబబు. ప్రెషర్ ప్రమాదకర స్థాయిలో ఉండి శుక్లం లేతగా ఉంటే ముందు ట్రాబెక్యులెక్టమీయే మేలు. కోణం మూసుకుని ఉండి, ప్రెషర్ చుక్కలకు లొంగుతుంటే ముందు లెన్స్ మాత్రమే తీసి చూడటం మంచిది, చాలామందికి రెండోది అవసరమే పడదు.

"సక్సెస్ 80 శాతం" అంటే?

ప్రెషర్ ఇంతకంటే తక్కువుంటే సక్సెస్ అనే గీతను, ఒకే వందమంది రోగుల ఫలితాలకు 21 దగ్గర గీస్తే ఒక శాతం, 15 దగ్గర గీస్తే చాలా తక్కువ శాతం వస్తుంది. చుక్కలు లేకుండా గీత కింద ఉంటే సంపూర్ణ సక్సెస్, చుక్కలతో ఉంటే షరతులతో కూడిన సక్సెస్ అని రెండు లెక్కలు వేస్తారు. ఈ రెండు వివరాలూ లేని శాతానికి అర్థం లేదు. వైద్య అధ్యయనాలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2015 నాటి సమీక్షలో 9 అధ్యయనాలను చూస్తే, శుక్లం ఒక్కటే తీయడం కంటే కలిపి చేసిన ఆపరేషన్‌తో ఏడాది తర్వాత ప్రెషర్ సగటున 1.7 మాత్రమే ఎక్కువ తగ్గింది. ఇది చూసి "ఇంతేనా" అనుకోకూడదు. చిన్న స్టెంట్లనూ ట్రాబెక్యులెక్టమీనీ ఒకే కుప్పగా పోసిన సగటు అది. స్వీడన్‌లో జరిగిన తొలిదశ గ్లాకోమా అధ్యయనంలో, ప్రెషర్ ఒక్క పాయింటు తగ్గినా వ్యాధి ముదిరే అవకాశం దాదాపు 10 శాతం తగ్గింది. ఏజిస్‌లో ఆరేళ్ల పాటు వచ్చిన ప్రతిసారీ 18 కంటే తక్కువ ఉన్న కళ్లలో సగటు ప్రెషర్ 12.3, వాటి ఫీల్డ్ సగటున మారలేదు. ముదిరిన వ్యాధిలో 17 దగ్గర ఆగిన ప్రెషర్‌ను సక్సెస్ అని రాసుకోవడం కాగితం మీద చెల్లుతుంది, నరానికి చెల్లదు. ఆ కంటికి కావలసిన టార్గెట్ ప్రెషర్ ఎంతో ఆపరేషన్‌కు ముందే కేస్ షీట్‌లో రాసిపెట్టాలి.

ఇంటికెళ్లాక జరిగే పొరపాట్లు

మొదటిది రెండో కన్ను. ట్రాబెక్యులెక్టమీ అయిన కంటికి గ్లాకోమా చుక్కలు ఆపుతారు. రోగి రెండు కళ్లకూ ఆపేస్తాడు. ఎసిటజోలమైడ్ మాత్ర రెండు కళ్లకూ పనిచేస్తుంది కాబట్టి అది ఆపగానే ఆపరేషన్ కాని కంట్లో ప్రెషర్ పెరగవచ్చు. డిశ్చార్జి కాగితం మీద ఏ కంటికి ఏ చుక్కో విడివిడిగా ఉండాలి. ఇంకో సంగతి, శుక్లం మాత్రమే తీసినా, స్టెంట్ పెట్టినా పాత చుక్కలు ఆపాలో వద్దో డాక్టరే చెప్పాలి. స్టెంట్ పెట్టారు కాబట్టి మందు అక్కర్లేదని అనుకోకూడదు.

బ్లెబ్ ఉన్న కంటికి ఇన్ఫెక్షన్ ప్రమాదం జీవితాంతం ఉంటుంది. పదేళ్ల తర్వాతైనా సరే, ఆ కన్ను ఎర్రబడినా, వెలుతురు చూడలేకపోయినా, చూపు తగ్గినా, నొప్పి పుట్టినా అదే రోజు కంటి ఆసుపత్రికి వెళ్లాలి. మందుల షాపులో చుక్కలు కొనుక్కుని రెండు రోజులు చూడటం ఆ కంటికి చాలా ఖరీదవుతుంది.

అద్దాల కోసం తొందరపడకూడదు. కుట్లు, బ్లెబ్ కార్నియా ఆకారాన్ని కొన్ని నెలల పాటు మారుస్తూ ఉంటాయి. ప్రెషర్ బాగా ఎక్కువ ఉన్నప్పుడు కొలిచిన కంటి పొడవు, ప్రెషర్ దిగాక కొద్దిగా తగ్గుతుంది. పొడవులో ఒక మిల్లీమీటరు తేడాకు లెన్స్ పవర్ రెండున్నర డయాప్టర్లకు పైగా మారుతుంది కాబట్టి, చిన్న మార్పు కూడా అద్దాల్లో కనిపిస్తుంది.

చివరగా రికార్డులు. శుక్లం పోయాక ఫీల్డ్ సగటు మెరుగవుతుంది, కానీ పైనున్న మసక తొలగడంతో గ్లాకోమా మచ్చ ఇంకా లోతుగా బయటపడవచ్చు. నరం పొర మందాన్ని కొలిచే ఓసీటీ స్కాన్‌లో సిగ్నల్ బలపడి నరం పొర కాస్త మందంగా కనిపిస్తుంది. నరం మళ్లీ పెరిగిందని ఒకరు సంతోషిస్తే, గ్లాకోమా ముదిరిందని ఇంకొకరు భయపడతారు. రెండూ తప్పే, మారింది లెన్స్. కన్ను కుదుటపడ్డాక, మూడు నెలల ప్రాంతంలో, రెండు ఫీల్డ్ పరీక్షలు, ఒక ఓసీటీ తీసి ఆపరేషన్ తేదీతో కొత్త బేస్‌లైన్‌గా పెట్టుకోవాలి. ఇకమీదట వచ్చే ప్రతి రిపోర్టునూ దాంతోనే పోల్చాలి.